గాదెకు తాళం వేసినదెవరు?

పిల్లలూ! ముందుగా ఒక పొడుపుకథ వేస్తాను, విప్పండి.

గాదె నిండా వడ్లున్నాయి. వాకిట్లో రోలూ రోకలీ ఉన్నాయి. పొయ్యి ప్రక్కన కట్టెలున్నాయి. అయినా ఆ ఇంట్లోవాళ్లు పస్తులున్నారు. ఎందుచేత?

"వండేవాళ్లు లేరు" అంటారు కొందరు. "వాళ్లకు బద్ధకం" అంటారు మరికొందరు. రెండూ కావు. గాదెకు తాళం పడింది!

ఆ ఇల్లు ఎక్కడో లేదు. కేన్సరు జబ్బుతో మంచంపట్టిన చాలామంది శరీరమే ఆ ఇల్లు. వాళ్ల ఒంట్లో ఇనుము నిలవ ఉంటుంది. కాని రక్తం పట్టదు. ముఖం పాలిపోతుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. దీనినే రక్తహీనత అంటారు. మన పెద్దలు పాండురోగమనేవారు.

ఆ తాళం ఎవరు వేశారు? ఎందుకు వేశారు? మన ప్రేగులలో కాపురమున్న సూక్ష్మజీవులకు ఇందులో ఏమి సంబంధం? ఇవి ఈ నెల మనం తెలిసికోవలసిన సంగతులు. నడుమ మన భీమవరంలో పుట్టిన పిల్లవాడొకడు కూడా కథలోకి వస్తాడు.

ఎర్రని పడవలు

మన రక్తంలో ఎర్రకణాలున్నాయి. ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో సుమారు 50 లక్షల కణాలుంటాయి. ఇవి చిన్న చిన్న పడవల వంటివి. ఊపిరితిత్తుల రేవులో ప్రాణవాయువును ఎక్కించుకొని, ఒళ్లంతా తిరిగి దించి వస్తాయి. పడవలో సరుకు నిలవడానికి కొక్కెం కావాలి గదా! ఆ కొక్కెమే ఇనుము.

పెద్దవాళ్ల ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపితే 3, 4 గ్రాములు మాత్రమే. ఒక చిన్న మేకుకు సరిపోతుంది. అందులో మూడింట రెండు వంతులు ఈ పడవలలోనే ఉన్నది.

ఒక్కొక్క పడవ సుమారు 120 రోజులు పనిచేసి పాతబడుతుంది. అప్పుడు ప్లీహంలోను, కాలేయంలోను ఉండే కాపలా కణాలు దానిని విప్పి, ఇనుమును తీసి దాచిపెడతాయి. ఇవే మన కథలోని గాదెలు. ఎముకల లోపలి మూలుగలో కొత్త పడవలు తయారౌతాయి. ఎన్ననుకున్నారు? క్షణానికి సుమారు 20 లక్షలు! మీరు "ఒకటి" అని అనేలోగా ఇరవై లక్షల పడవలు నీటిలోకి దిగిపోతాయి.

ఈ పనికి రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అన్నంలో నుంచి ప్రేగులు పీల్చుకొనేది 1, 2 మిల్లీగ్రాములే. మిగిలినదంతా పాత పడవలను విప్పితే వచ్చినదే. కనుక గాదె తలుపు తెరచి ఉండడం ఎంత ముఖ్యమో చూడండి.

తాళంకప్ప

తాళంకప్పను తయారుచేసేది మన కాలేయమే. 2000, 2001 సంవత్సరాలలో శాస్త్రజ్ఞులు మనుషుల రక్తంలోను, మూత్రంలోను ఒక చిన్న పదార్థాన్ని కనుగొన్నారు. కాలేయంలో పుడుతుంది కనుక దానికి హెప్సిడిన్ అని పేరు పెట్టారు. ఇది రక్తంలో పెరిగితే ఇనుము బయటికి వచ్చే తలుపులు మూసుకుపోతాయి. గాదెలోని ఇనుము గాదెలోనే ఉండిపోతుంది. అన్నంలోని ఇనుము ప్రేగు గోడ దాటి రాదు.

"ఇదేమి పిచ్చి పని! తన ఇంటికి తానే తాళం వేసుకొంటుందా?" అని మీరు అడుగవచ్చు. పిచ్చి పని కాదు. చాలా తెలివైన పని. పూర్వం ఊరిమీదికి దొంగలు వస్తున్నారంటే రైతులు ఏమి చేసేవారు? ధాన్యాన్ని పాతరలో దాచి పైన మన్ను కప్పేవారు. దొంగలకు తిండి దొరకకపోతే ఎన్నాళ్లుంటారు? మన ఒంట్లో జొరబడే రోగక్రిములకు కూడా ఇనుము లేనిదే బ్రతుకు లేదు. అందుచేత జ్వరం రాగానే, ఎక్కడైనా వాపు పుట్టగానే, శరీరం అపాయపు గంట మ్రోగిస్తుంది. ఆ గంట వినగానే కాలేయం తాళం వేస్తుంది. దొంగలు పోగానే తాళం తీస్తుంది.

కేన్సరులో చిక్కు ఇక్కడే వస్తుంది. కేన్సరు గడ్డ బయటనుంచి వచ్చిన దొంగ కాదు. మన కణాలే అదుపు తప్పి పెరగడం వల్ల పుట్టినది. అయినా అది ఉన్నచోట వాపు పుడుతుంది, గంట మ్రోగుతుంది. పదిరోజులు కాదు, నెలల తరబడి మ్రోగుతూనే ఉంటుంది. కాలేయం తాళం తీయదు. గాదెలో ఇనుమున్నా మూలుగకు పస్తే.

కేన్సరు రోగికి రక్తం తగ్గడానికి ఇదొక్కటే కారణం కాదు. కొందరికి గడ్డ నుంచి రక్తం కారుతుంది. కొందరికి మూలుగలోనే జబ్బు చేరుతుంది. చాలామందికి ఆకలి మందగిస్తుంది. మందుల వల్ల కూడా రక్తం తగ్గుతుంది. అది ఎట్లాగో ముందు చూద్దాం. ఇప్పుడు ప్రేగులలోకి వెళదాం, రండి.

కడుపులో కాపురస్థులు

మన ఒంటిమీదా, ఒంటిలోపలా కలిపి సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియాలు ఉన్నాయని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కవేశారు. మన సొంత కణాలు ఎన్నో ఇవీ ఇంచుమించు అన్నే! వీటిలో చాలా భాగం పెద్దప్రేగులోనే కాపురం. అద్దె ఇవ్వకుండా ఉంటున్నారనుకొనేరు! వాళ్లలో చాలామంది అద్దె సక్రమంగా చెల్లించేవారే.

మొదటి అద్దె విటమినులు. కొన్ని బాక్టీరియాలు ఫోలిక్ ఆమ్లం జాతి విటమినును, కె విటమినును తయారుచేస్తాయి. కొత్త రక్తకణం పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం తప్పదు.

రెండవ అద్దె ఇంకా చిత్రమైనది. అమెరికాలో హ్యూస్టను నగరంలోని బేలర్ వైద్య కళాశాలవారు 2017లో ఒక పరిశోధన ప్రకటించారు. వారు ఎలుకలకు రెండు వారాలపాటు యాంటీబయాటిక్ మందులిచ్చారు. ప్రేగులలోని బాక్టీరియాలు చాలావరకు నశించాయి. దానితోపాటు ఎలుకలకు రక్తహీనత వచ్చింది, తెల్లకణాలు కూడా తగ్గాయి. ఎక్కడో ఎముకలోని మూలుగ మందగించింది! మంచి ఎలుకల ప్రేగులలోని బాక్టీరియాలను తెచ్చి వీటి కడుపులో చేర్చగా మూలుగ మళ్లీ సరిగా పనిచేసింది. అనగా ప్రేగులలోని కాపురస్థులు దూరాన ఉన్న మూలుగకు "పని చెయ్యి, పని చెయ్యి" అని కబురు పంపుతూ ఉంటారన్నమాట.

అయితే కాపురస్థులందరూ ధర్మరాజులు కారు. ఇనుము దగ్గర పేచీ వస్తుంది. మనకు కావలసిన ఇనుమే వారిలో చాలామందికీ కావాలి. కొన్ని బాక్టీరియాలు ఇనుమును పట్టుకొనే గాలాల వంటి పదార్థాలను బయటికి వదలి, దొరికిన ఇనుమును లాక్కొంటాయి. మిచిగన్ విశ్వవిద్యాలయంవారు 2020లో మరొక సంగతి బయటపెట్టారు. కొన్ని ప్రేగు బాక్టీరియాలు తయారుచేసే పదార్థాలు ప్రేగు గోడ ఇనుమును పీల్చుకొనే శక్తినే తగ్గిస్తాయట! ఇది మరీ చెడ్డపని అని తొందరపడకండి. ఒంట్లో ఇనుము మితిమీరితే అదీ విషమే. ఎలుకలలో ఆ పదార్థాలు మితిమీరిన ఇనుమును తగ్గించాయి కూడా.

ఇవి ఎలుకలలో చూచిన సంగతులని గుర్తుంచుకోండి. ఎలుకలో జరిగినదంతా మనిషిలో అట్లాగే జరుగుతుందని అనుకోరాదు. అందుకే ఏ వైద్యుడూ ఎలుకల పరీక్షను చూచి రోగికి మందు మార్చడు.

కడుపులో ఒక తుంటరి

ఇక మనుషులలోనే రుజువైన సంగతి ఒకటి చెబుతాను. జీర్ణాశయంలో ఘాటైన ఆమ్లం ఉంటుంది. అందులో ఏ క్రిమీ బ్రతకదని చాలాకాలం అనుకొన్నారు. 1979లో ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్ అనే వైద్యుడు, జబ్బుపడిన జీర్ణాశయపు ముక్కలలో మెలికలు తిరిగిన బాక్టీరియాలను చూచాడు. బారీ మార్షల్ అనే యువ వైద్యుడు ఆయనతో కలిశాడు. వారి మాట చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాలు కలిపిన ద్రవాన్ని తానే త్రాగాడు. కొద్దిరోజులలో వాంతులు పట్టుకొన్నాయి, జీర్ణాశయం వాచింది. ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమానం వచ్చింది. (మీరు మాత్రం ఇట్లాంటి ప్రయోగం చేయకండి!)

ఆ క్రిమి పేరు హెలికోబాక్టర్ పైలోరి. ఇది కడుపులో పుండు పుట్టిస్తుంది. పుండునుంచి రక్తం కారితే రక్తహీనత వస్తుంది. రక్తం కారకపోయినా, జీర్ణాశయంలో ఆమ్లం తగ్గితే ఆకుకూరలలోని, పప్పులలోని ఇనుము సరిగా కరగదు, ఒంటికి పట్టదు. ఏళ్ల తరబడి ఇట్లాగే ఉంటే కొందరికి జీర్ణాశయపు కేన్సరు రావచ్చు. కేన్సరును కలిగించే వాటి పట్టికలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి కేన్సరు పరిశోధక సంస్థ 1994లో దీనిని చేర్చింది. బాక్టీరియా, రక్తహీనత, కేన్సరు - మూడూ ఒకే త్రాటిమీద నడిచాయి, చూచారా? సంతోషమేమంటే, వైద్యుడు పరీక్షచేసి సరియైన మందులిస్తే ఈ తుంటరిని వెళ్లగొట్టవచ్చు.

భీమవరం బాలుడు

ఇప్పుడు మన తెలుగు బిడ్డ కథకు వద్దాం. 1895 జనవరి 12న భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో చనిపోయారు. ఆయనకూ ఆ వ్యాధి వచ్చి తగ్గింది.

ఈ వ్యాధి ఏమిటో తెలుసా? చిన్నప్రేగులో ఉండవలసినదానికంటె ఎక్కువగా బాక్టీరియాలు పెరుగుతాయి. ప్రేగు లోపలి పొర చెడుతుంది. తిన్నది ఒంటబట్టదు. ఫోలిక్ ఆమ్లమూ, బి-12 విటమినూ అందక తీవ్రమైన రక్తహీనత వస్తుంది. పెద్దప్రేగులో పెద్దమనుషులుగా ఉండే బాక్టీరియాలు కూడా చోటుగాని చోట గుంపుగా చేరితే ఇంతపని జరుగుతుంది.

సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లాడు. హార్వర్డులో పరిశోధన చేశాడు. 1940లో లెడర్లీ అనే మందుల పరిశోధనశాలలో చేరాడు. ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కాలేయంలోనుంచి వేరుచేసి, 1945లో దానిని పరిశోధనశాలలోనే తయారుచేయగలిగింది. ఆయన పరిశోధనశాలలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుంచి ఆరియోమైసిన్ అనే బంగారు రంగు మందును కనుగొన్నాడు. ఇది 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇదే మొదటిది. స్ప్రూకు ఈనాటి చికిత్స ఏమిటంటే: ఫోలిక్ ఆమ్లం, బి-12, టెట్రాసైక్లిన్. తన సోదరులను పొట్టనబెట్టుకొన్న జబ్బుకు విరుగుడులో రెండు మందులు ఆయన పరిశోధనశాలనుంచే వచ్చాయి!

కథ ఇంతటితో అయిపోలేదు. ఆ రోజులలో రక్తపు కేన్సరు వచ్చిన పిల్లలు కొద్ది వారాలలో, నెలలలో చనిపోయేవారు. బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు అటువంటి పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి మందులిచ్చి చూచాడు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకొన్నట్లు కనిపించింది. అప్పుడాయనకు తట్టింది: కేన్సరు కణాలు ఫోలిక్ ఆమ్లాన్ని తిని పెరుగుతున్నాయి గదా, ఫోలిక్ ఆమ్లంలా కనిపించే దొంగ పదార్థాన్ని పెడితే? దానిని తిని, ఆకలి తీరక అవే మాడిపోతాయి!

అటువంటి దొంగ పదార్థాలను తయారుచేసినది సుబ్బారావు బృందమే. వాటిలో అమినోప్టెరిన్ ఒకటి. దానిని 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టిందని ఫార్బరు 1948 జూనులో ప్రకటించాడు. ఆ మేలు కొంతకాలమే నిలిచింది. అయినా రక్తపు కేన్సరును మందుతో వెనక్కు నెట్టవచ్చునని లోకానికి మొదటిసారి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. ఆయనకు అప్పుడు 53 ఏళ్లు.

అమినోప్టెరిన్‌కు తమ్ముడు మెథోట్రెక్సేట్. దానిని ఈనాటికీ వాడుతున్నారు. పిల్లలకు వచ్చే రక్తపు కేన్సరులలో ఎక్కువగా కనిపించే రకానికి ఇప్పుడు అనేక మందులు కలిపి చికిత్స చేస్తారు. మంచి వైద్యం పూర్తిగా అందినచోట నూటికి ఎనభైమందికి పైగా పిల్లలు బాగుపడుతున్నారు.

మందు తెచ్చే చిక్కు

ఈ మందుకు ఒక లోపముంది. అది కేన్సరు కణాన్నీ, మంచి కణాన్నీ విడదీసి చూడలేదు. వేగంగా పెరిగే ప్రతి కణాన్నీ దెబ్బతీస్తుంది. మన ఒంట్లో వేగంగా కణాలు పుట్టే చోట్లేవి? ఒకటి మూలుగ. అందుచేత రక్తం తగ్గుతుంది. రెండవది జుట్టు కుదుళ్లు. అందుచేతనే చాలా కేన్సరు మందుల వల్ల జుట్టు రాలుతుంది. మూడవది ప్రేగు లోపలి పొర. ఇది నాలుగైదు రోజులకొకసారి కొత్తదవుతూ ఉంటుంది.

ఆ పొర చిల్లులు పడిన చేనికంచె వంటిదైతే ఏమవుతుంది? లోపల తమ మానాన తాముండే బాక్టీరియాలు కంచె దాటి రక్తంలోకి వస్తాయి. జ్వరం వస్తుంది. అపాయపు గంట మ్రోగుతుంది. కాలేయం మళ్లీ తాళం వేస్తుంది! జ్వరానికి యాంటీబయాటిక్ ఇవ్వక తప్పదు. ఇవ్వకపోతే ప్రాణాపాయం. కాని అది ప్రేగులలోని మంచి కాపురస్థులను కూడా తుడిచిపెడుతుంది. ఇన్ని ముడులను చూచుకొంటూ వైద్యులు రోగిని ఒడ్డుకు చేరుస్తారు. ఎంత నేర్పు కావాలో ఆలోచించండి.

రక్తం ఎందుకు తగ్గినదో పరీక్షించి, అవసరాన్నిబట్టి వారు రక్తమెక్కిస్తారు. కొందరికి ఇనుమును నరంద్వారా ఎక్కిస్తారు. ప్రేగు తలుపు మూసి ఉన్నప్పుడు మాత్ర మింగితే ఫలముండదు గదా! కొందరికి మూలుగను ఉత్సాహపరచే సూదిమందు ఇస్తారు.

పెద్దలకు రెండు మాటలు

ఇంట్లో కేన్సరు రోగి ఉంటే, "రక్తం తక్కువైంది" అని అంగడిలో ఇనుము మాత్రలు కొని ఇవ్వకండి. ఒంటబట్టని ఇనుము పెద్దప్రేగులో చేరి, చెడ్డ బాక్టీరియాలకు మేత కావచ్చు. కెన్యా దేశంలో పసిపిల్లల ఆహారంలో ఇనుము కలిపినప్పుడు ఇట్లాగే జరిగిందని 2015లో ప్రకటించిన ఒక పరిశోధన చెప్పింది. అట్లాగే పెరుగు, మజ్జిగ మనకు మంచివే అయినా, మందులవల్ల తెల్లకణాలు పడిపోయిన రోగికి అందులోని బ్రతికున్న సూక్ష్మజీవులే కీడు చేయవచ్చు. ఏది పెట్టాలో, ఏది పెట్టరాదో వైద్యుణ్ణి అడిగి చేయండి. జలుబు చేసినప్పుడల్లా పిల్లలకు యాంటీబయాటిక్ వేయకండి. అది జలుబును తగ్గించదు, కడుపులోని కాపురస్థులను మాత్రం చంపుతుంది.

మరొకటి. కేన్సరు వార్డులలో పిల్లలకు ఎక్కించే రక్తం ఏ యంత్రంలోనూ తయారు కాదు. ఎవరో ఒకరు ఇచ్చినదే. 18 ఏళ్లు నిండి ఆరోగ్యంగా ఉన్నవారు వైద్యుల పరీక్షలో నెగ్గితే రక్తమివ్వవచ్చు. మగవారు మూడు నెలలకొకసారి, ఆడవారు నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు.

పిల్లలకు మూడు మాటలు

బడిలో వారానికొకసారి ఇచ్చే ఇనుము మాత్రను పారవేయకండి. అది కేన్సరు రోగులకోసం కాదు, మీకోసం లెక్కకట్టి ఇచ్చినది. అందులో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. అన్నం తిన్న తరువాత వేసుకోండి. తోటకూర, పప్పు, రాగిసంకటి తినండి. వాటితో ఒక జామపండో, నిమ్మరసమో పుచ్చుకొంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నంతోపాటే కాఫీ, టీ త్రాగితే అది చెడుతుంది.

రెండవది, చేతులు కడుక్కొని భోజనానికి కూర్చోండి. మంచి కాపురస్థులు ఉన్న ఇంట్లోకి తుంటరులను మనమే పిలువరాదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యం. ఎప్పుడైనా మీ తరగతిలోకి ఒక పిల్లవాడు చాలా నెలల తరువాత తిరిగి రావచ్చు. తలమీద జుట్టుండదు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంటుంది. మెట్లెక్కి రొప్పుతాడు. కొందరు పిల్లలు వాడి బల్లమీదనుంచి లేచి దూరంగా జరుగుతారు. మీరు జరగకండి. కేన్సరు ప్రక్కన కూర్చుంటే అంటుకొనే జబ్బు కాదు. మీకే జలుబో దగ్గో ఉంటే మాత్రం, వాడికోసం ఆ నాలుగు రోజులు దూరంగా ఉండండి. వాడి సంచీ మీరు పట్టుకోండి. తప్పిపోయిన పాఠాలు వ్రాసి ఇవ్వండి. వాడు ఆటలో పరుగెత్తలేకపోతే లెక్క చూచేవాడుగా పెట్టుకోండి. వాడి ఒంట్లో క్షణానికి లక్షల పడవలు మళ్లీ తయారవుతున్నాయి. అవి నిండే వరకు కొంచెం ఓపిక పడితే చాలు.